గుంతలోకి బండి దారి

1979 ఏప్రిల్‌లో ఆళ్లగడ్డ నుంచి నంద్యాలకు జూనియర్ ఇంజనీరుగా బదిలీ అయి వచ్చాను. నాకు అప్పగించిన మొదటి పని ఒక వాననీటి కాలువ. ఊరి పల్లపు అంచున టీచర్లూ కూలీలూ ఉండే పేట ఉండేది. గట్టి వాన పడితే పై వీధుల నీళ్లన్నీ ఆ ఇళ్లలోకే వచ్చేవి. పేట దాటితే ఓబుళరెడ్డి గారి జొన్నచేను, దాని అవతల వాగు.

వీధుల మురికిని తిన్నగా వాగులో కలపడం నాకిష్టం లేక, చేను గట్టున ఒక పూడిక గుంత కట్టించాను. వాననీరు అందులోకి వచ్చి నిదానిస్తే ఇసుక, బురద అడుగుకు దిగుతాయి. తేరిన నీరు గరిక పెంచిన మట్టికాలువలో పారి వాగు చేరుతుంది. మందులూ మోటార్లూ అక్కర్లేదు. గుంతకు నాలుగు వైపులా నాపరాళ్లతో నిటారు గోడలు. చూసినవాళ్లు మెచ్చుకున్నారు, నన్ను నేను ఇంకాస్త ఎక్కువే మెచ్చుకున్నాను.

మొదటి ఏడు బాగానే గడిచింది. రెండో ఏటి వానలకు గుంత నిండా పూడిక పేరుకుంది. తీయించమని నేను చీటీల మీద చీటీలు రాశాను. బురద గంపలతో నిచ్చెన ఎక్కడానికి ఏ కూలీ ఒప్పుకోలేదు. చివరికి బురద పొర్లి మోకాలెత్తు జొన్న మీద పరుచుకుంది. ఓబుళరెడ్డి గారు ఇసుక మూటలతో గుంతలోకి వచ్చే కాలువ మూతి మూసేశారు. ఆ సాయంత్రం వానకే పేట మునిగింది.

మర్నాడు నేను వెళ్లేసరికి ఎస్తేరమ్మ టీచరు వాకిట్లో నానిన బియ్యం ఆరబోస్తున్నారు.

“ఆయప్ప మూసిందీ తప్పే, నువ్వు కట్టిందీ తప్పే సారూ. నడుమ మునిగింది మేము,” అన్నారు. నాకు సిగ్గేసింది.

ఆ సిగ్గు కోపమై ఓబుళరెడ్డి గారి దగ్గర పోలీసుల మాట ఎత్తాను. ఆయన తొణకలేదు.

“ఆ మట్టి చేనికి మంచి ఎరువప్పా. ఎండాకాలం నేనే తోలుకుంటా. బండి దిగేదానికి దారి యాడ పెట్టినావు?”

దారి పెట్టాలన్న ఆలోచనే నాకు రాలేదు. వేసవిలోగా దారి పెడతానని మాటిచ్చాక మూటలు తీయించారు.

గోడ పడగొట్టాలంటే సవరించిన అంచనా పంపాలి, అందులో కారణం చూపాలి. ‘అధిక వర్షం’ అని రాస్తే చాలనీ, సొంత తప్పు ఫైలెక్కితే పదోన్నతి దాకా వెంట వస్తుందనీ మా ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు హితవు చెప్పారు. కానీ వర్షం మీదికి తోస్తే అదే గుంత ఉన్నదున్నట్టు బాగుచేయడానికే మంజూరు వస్తుంది, దారికి రాదు. రోట్లో తల పెట్టాక రోకటిపోటుకు వెరవడం దేనికని ‘డిజైను లోపం, నాదే’ అని రాశాను. మంజూరు వచ్చింది, దానితోపాటే మందలింపు మెమో కూడా.

చేను వైపు గోడ తీసి, ఎడ్లబండి దిగేంత వెడల్పున రాళ్లు పరిచిన వాలు కట్టాం. ఆ వేసవి నుంచి పూడికంతా ఓబుళరెడ్డి గారి బండ్లే తోలుకుపోయాయి. నేనక్కడ పనిచేసినంతకాలం పేట మళ్లీ మునగలేదు. నా పదోన్నతి రెండేళ్లు వెనకబడింది. ఆ వాక్యం రాసినందుకు మాత్రం ఏనాడూ నొచ్చుకోలేదు.

తర్వాతి ఉద్యోగకాలమంతా ఏ కాలువ డ్రాయింగు నా బల్ల మీదికొచ్చినా, ఇందులో బురద ఎవరు తీస్తారు, ఎటునుంచి తీస్తారు అని ముందు అడిగేవాణ్ణి. జవాబు లేని డ్రాయింగు మీద సంతకం పెట్టలేదు.