ఎనకదురు

దెయ్యాల కబుర్లు మొదలయ్యాయంటే నేను లేచి వెళ్లిపోయే రకం. భయం కాదు, విసుగు. మాది ఆమదాలవలసలో స్టీలు సామాన్ల కొట్టు. గిన్నె దానంతటదే మోగిందని ఎవరైనా అంటే, ఎలకో గాలో అయ్యుంటుందని తేల్చేస్తాను. ఇప్పటికీ నా ధోరణి అదే. ఈ ఒక్క సంగతి దగ్గరే నాకు నోరు పెగలదు.

మా అప్పని, అంటే మా పెద్దక్క పార్వతిని, టెక్కలి వైపు ఒక ఊరికిచ్చారు. బావకి అక్కడ సరుకుల కొట్టు ఉండేది. ఊరి పక్కనే రాతి క్వారీ. మధ్యాహ్నం భోజనాల వేళకి మందు పేల్చేవారు. పెద్ద చప్పుడు అయిపోయాక, కాస్త ఆగి, నేల లోపలినుంచి సన్నటి అదురు ఇంకొకటి వచ్చేది. వంటింటి గోడకి కొట్టిన చెక్క మీద బోర్లించిన గిన్నెలన్నీ గలగలలాడేవి.

దాన్ని ఆ ఊళ్లో ఎనకదురు అంటారు. టీవీలో ప్రకంపనలు అంటారే, అదే. కానీ ఆ ఊరివాళ్లు ఈ మాటని చాలా వాటికి వాడతారు. జ్వరం తగ్గాక మిగిలే నీరసం ఎనకదురే. అన్నదమ్ములు రాజీపడ్డాక కూడా ఒకరి మొహం ఒకరు చూసుకోకపోవడం ఎనకదురే.

గిన్నెలు మోగగానే బావ అన్నం ముందునుంచి లేచి రెండు చేతులూ వాటి మీద వేసేవాడు. టక్కున ఊరుకునేవి. "అయిపోనాది, తిను" అనేవాడు అప్పతో. నేను వెళ్లినప్పుడల్లా చూసేదాన్ని.

ఆ రోజు పేల్చడం అయిపోయిందనే అందరూ అనుకున్నారు. క్వారీలో పనిచేసే గురువులు అనే అతని భార్యకి పురుడైందని బావ కొట్టుకి ఫోనొచ్చింది. రాతి గుంతలో ఫోన్లు పలకవు. పాపం, తొలి కాన్పు, కబురు చెప్పొస్తానని బావ అన్నం తినకుండానే వెళ్లాడు. పేలకుండా మిగిలిపోయిన మందు అప్పుడు పేలింది.

గురువులు దూరంగా ఉన్నాడు కాబట్టి బతికాడు. బావ బతకలేదు.

క్వారీ మూసేశారు. మిషన్లు లారీలకెక్కించి తీసుకుపోయారు. దినాలయ్యాక చుట్టాలంతా వెళ్లిపోయారు, నేను అప్పకి తోడుగా ఉండిపోయాను. అప్ప అప్పటిదాకా ఒక్క కన్నీటి చుక్క రాల్చలేదు. అదే నాకు దిగులు.

మధ్యాహ్నం అన్నం పెట్టాను. చెయ్యి పెట్టలేదు.

"తినవే అప్పా."

"ఉండవే, ఎనకదురు అవనీ."

మనసు చెదిరిపోయిందనుకున్నాను. క్వారీయే లేదు కదే అని చెప్పబోతున్నాను. అంతలో చెక్క మీద గిన్నెలు మోగాయి.

పేలుడు వినబడలేదు. నా అరికాళ్లకి అదురు తగల్లేదు. గిన్నెలు మాత్రం ఒకదాన్నొకటి కొట్టుకున్నాయి. ఉన్నట్టుండి ఆగిపోయాయి. మోగే గిన్నె దానంతటది ఆగితే చప్పుడు సన్నగిల్లుతూ ఆగుతుంది. చెయ్యి పడితేనే తెగినట్టు ఆగుతుంది. ఆ తేడా నేను కొట్లో రోజూ వింటాను.

అప్ప అన్నం కలుపుకుని తింది.

ఆ తర్వాత రోజూ అదే. పక్కింటివాళ్లని అడిగితే మాకేటీ తెలీదమ్మా అన్నారు. ఆ వేళకి రోడ్డు మీద లారీలేమైనా పోతున్నాయేమోనని చూశాను. చెంబుతో నీళ్లు నేల మీద పెట్టాను. పైన గిన్నెలు మోగుతుంటే కింద నీళ్లు కదల్లేదు. మావారిని రప్పించి చెక్క మేకులు చూపించాను. బిగుతుగానే ఉన్నాయి. ఆయనా విన్నారు. సాయంత్రమే బండెక్కి వెళ్లిపోయారు. ఈనాటికీ ఆ ఊసెత్తితే మాట మార్చేస్తారు.

చివరికి ఒక ఉదయం గిన్నెలన్నీ దించి, ఒకదానికొకటి తగలకుండా గోనెల మీద పరిచాను. ఆ మధ్యాహ్నం ఏ చప్పుడూ రాలేదు. అప్ప కంచం ముందు కూర్చుని, ఖాళీ చెక్క వైపు చూస్తూ ఉండిపోయింది. అన్నం ఎండిపోయింది.

"మీ బావ రానేదే" అంది. అప్పుడు ఏడ్చింది. అలాంటి ఏడుపు నేను ఎప్పుడూ వినలేదు.

మర్నాడు పొద్దున్నే గిన్నెలన్నీ నా చేతులతోనే మళ్లీ చెక్క మీద సర్దాను. నమ్మి కాదు. అప్ప తినాలి కదా.

మధ్యాహ్నం మోగాయి. ఆగాయి. అప్ప తింది.

కొన్నాళ్లకి ఒక మధ్యాహ్నం గురువులు వచ్చాడు. భుజం మీద పసిబిడ్డ. లోపలికి రమ్మన్నా గుమ్మం దాటలేదు.

"నన్ను పిలవడానికొచ్చే పోనాడమ్మా. ఏ ముకం ఎట్టుకుని రాను? నా పేరెట్టి కేకేసినాడు. ఆ తర్వాత మాట ఇనబడనేదు. ఏటి సెప్దామనుకున్నాడో, ఎన్నిసార్లు తలుసుకున్నా..." అన్నాడు.

అప్ప లేచి వెళ్లి బిడ్డని అందుకుంది. చాలాసేపు చూసింది. తర్వాత గురువులుతో, ఆ కబురు అప్పుడే వచ్చినట్టు చెప్పింది.

"నీకు ఆడపిల్ల పుట్టిందిరా. తల్లీ పిల్లా బాగున్నారట. పని ఆపీసి ఎల్లు."

గురువులు గుమ్మంలోనే కూలబడి ఏడ్చాడు.

అదే వేళకి గిన్నెలు మోగాయి. గురువులు కూడా తలెత్తి చూశాడు. ఈసారి ఎవరూ ఆపలేదు. మోగి మోగి, సన్నగిల్లి, వాటంతటవే ఆగాయి. అప్ప బిడ్డని ఎత్తుకునే చెక్క దగ్గరికి వెళ్లి నిలబడింది.

"ఎల్లిపోనాడే" అంది నాతో.

మళ్లీ ఎప్పుడూ మోగలేదు. నేనింకా కొన్ని వారాలు అక్కడే ఉన్నాను. మధ్యాహ్నం అయ్యేసరికి నేనే చెవులు రిక్కించేదాన్ని. ఏమీ ఉండేది కాదు.

అవి ఎందుకు మోగాయో, ఎందుకు అలా ఆగేవో, ఆ రోజు ఎందుకు అలా ఆగలేదో నాకు తెలీదు. ఎండకి చెక్క సాగిందని నాకు నేను చెప్పుకుని చూశాను. చెక్క సాగితే గిన్నెలు మోగుతాయేమో గానీ, చెయ్యి వేసినట్టు ఊరుకోవు. అంతకుమించి ఆలోచించడం నావల్ల కావడం లేదు.

ఇప్పుడు అప్ప మా దగ్గరే ఉంటోంది. మా ఇల్లు రైలుకట్టకి దగ్గర. గూడ్సు బండి పోతుంటే ముందు గదిలో కొట్టు సామానంతా ఒక్కసారి మోగుతుంది. నేను ఉలిక్కిపడి అప్ప వైపు చూస్తాను. తను తల ఎత్తదు. అన్నం తింటూనే ఉంటుంది.