అత్తయ్య టర్కీకోడికి అన్ని దేశాల పేర్లు

ఆ రోజుల్లో నాకో మాట దొరికితే చాలు, దాని తాతముత్తాతల దాకా తవ్వితే గాని నిద్రపట్టేది కాదు. ఇంగ్లీషు ఎమ్మే చేసి గుడివాడలో చిన్న కాలేజీలో కొత్తగా పాఠాలు చెప్తున్నాను. బందరులో పాత పుస్తకాల కొట్లో మాటల పుట్టుపూర్వోత్తరాలు చెప్పే లావుపాటి నిఘంటువొకటి దొరికింది. ఇక అప్పట్నుంచి మా ఇంట్లో ఎవరూ నా పక్కన కూర్చుని సుఖంగా కాఫీ తాగింది లేదు. (కాఫీ అనే మాట ఎక్కణ్ణుంచి వచ్చిందో నేను చెప్పేలోపు కాఫీ చల్లారిపోయేది.)

అలాంటి నాకు, బాగా మాట్లాడతాడు కదాని, కోడూరులో మా చర్చి కోతపండగకి వేలంపాట నడిపే పని అప్పగించారు. పంట ఇంటికొచ్చాక ధాన్యమో, గుమ్మడికాయలో, కోళ్ళో, ఎవరికున్నది వాళ్ళు తెచ్చి దేవుడికిస్తారు. ఆరాధన అయ్యాక వాటిని చర్చి ఆవరణలోనే వేలం వేస్తారు. ఆ ఏడు మా మేనత్త ఓ టర్కీకోడిని తెచ్చింది. మావయ్యకి టైఫాయిడ్ వచ్చి ప్రాణం మీదికొచ్చినప్పుడు, ఆయన లేచి తిరిగితే ఇస్తానని మొక్కుకున్న కోడి అది. మొక్కుకుని ఇచ్చినదాన్ని పాటలో ఎవరూ అడక్కపోతే ఇచ్చినవాళ్ళకి పెద్ద చిన్నతనం.

పాట మొదలెట్టాను. ఒక్కరూ నోరు మెదపలేదు. అలాంటి కోడిని తిన్నవాళ్ళు ఊళ్ళో లేరు మరి. ఇది రాబందు జాతేమోనని వెనక ఒకాయన అనుమానపడ్డాడు. ఆడవాళ్ళ వరసలో అత్తయ్య కొంగు వేలికి చుట్టుకుంటూ కూర్చుంది. ఆవిడ ముఖం చూసేసరికి నన్ను నా నిఘంటువు పూనింది. ఇది సామాన్యమైన పక్షి కాదండీ అంటూ అందుకున్నాను. దీని పుట్టిల్లు అమెరికా ఖండమనీ, టర్కీ వర్తకులు తెచ్చే మరో కోడితో పొరబడి ఇంగ్లీషువాళ్ళు దీన్ని టర్కీ అన్నారనీ, ఫ్రెంచివాళ్ళు ఇండియాదనుకుని 'దేంద్' అన్నారనీ, ఒకప్పుడు మన బందరుకే ఓడలేసుకొచ్చిన డచ్చివాళ్ళు కాలికట్‌కి అంటగట్టి 'కాల్కూన్' అన్నారనీ, పోర్చుగీసువాళ్ళు 'పెరు' దేశం పేరే పెట్టేశారనీ, తీరా టర్కీవాళ్ళని అడిగితే వాళ్ళు దీన్ని 'హిందీ', అంటే ఇండియాది, అంటారనీ మైకులో ఊపిరి తీసుకోకుండా చెప్పేశాను. (చప్పట్లు కొడతారేమోనని కాసేపు ఆగాను కూడా.)

ముందు వరసలో ఓ పెద్దరైతు నింపాదిగా లేచాడు. "ఇన్ని దేశాలోళ్ళు మాది కాదంటే మాది కాదన్న కోడిని మేమెందుకు కొనాలి బాబూ?"

జనం పడీపడీ నవ్వారు. అంతలో అత్తయ్య లేచి వచ్చి, కోడిని చంకనెత్తుకుని, మైకు ఎక్కడుందో కూడా చూసుకోకుండా మాట్లాడింది. "ఆ దేశాల సంగతి నాకు తెలవదండి. మా ఆయన మంచమ్మీదున్నన్నాళ్ళూ ఇది గుమ్మం వదల్లేదు. ఇది మా ఇంటి కోడి."

ఆ పెద్దరైతే మొదటి పాట పాడాడు. ఇంకొకాయన పెంచాడు. ఆవిడ చేతి అన్నం తిన్నవాళ్ళంతా పోటీ పడుతుంటే, పాట అందుకోవడం నావల్ల కాలేదు. చివరికి పెద్దరైతే పట్టుకెళ్ళాడు.

సాయంత్రం అత్తయ్యగారింట్లో సిగ్గుతో తల దించుకుని అన్నం తింటున్నాను. ఆవిడ చారు పోస్తూ, "ఒరే, మన కోడికి ఏవో పేర్లు చెప్పావే, మళ్ళీ చెప్పరా" అంది. ఎగతాళి చేస్తోందనుకున్నాను. కాదు. ఒక్కో పేరూ మెల్లగా చెప్పించుకుంది. 'కాల్కూన్' దగ్గర ఆగి, తనూ రెండుసార్లు అనుకుని, బాగుందంది. నా చదువుకి ఇన్నాళ్ళకి గుర్తింపు దొరికిందని ఉబ్బిపోయి, నిఘంటువులో ఉన్నవీ లేనివీ కలిపి ఇంకో అరగంట చెప్పాను.

ఆ కుర్ర పండితుణ్ణి తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది, కాస్త జాలి కూడా వేస్తుంది. ఆవిడ ఆ పూట విన్నది నా పాఠం కాదు. ఖాళీ అయిన పెరటి వైపు చూస్తూ, తన కోడి గురించి ఎవరైనా ఇంకాసేపు మాట్లాడితే బాగుండునని కూర్చుంది. అది తెలుసుకోవడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది.