నీలినీళ్లకు సొన్నమ్మవ్వ పెట్టిన పరీక్ష

సొన్నమ్మవ్వ ఇరవయ్యేళ్లు గౌనిపల్లి డెయిరీకి పాలు పోసింది. డెయిరీ బచ్చప్ప రోజూ లాక్టోమీటరు ముంచి చూసేవాడు. ఆమె పాలలో ఒక్కనాడూ నీళ్లు తేలలేదు. ఆవులు పోయినా ఆ గర్వం మాత్రం ఆమె నడకలో ఇంకా ఉంది.

ఆవుల తర్వాత ఆమెకు మిషను దొరికింది. బంగారు గనులు మూతపడ్డాక అక్కడి చాంపియన్ రీఫ్స్ కాలనీ ఆడవాళ్లు కొన్నాళ్లు నడిపి వదిలేసిన నెలసరి ప్యాడ్ల మిషను. మహిళా సంఘంవాళ్లు దాన్ని డెయిరీ పక్క గదిలో పెట్టించి, ఉగాదిలోగా ఊరి ఆడపిల్లలు ప్యాడ్లు కొనకపోతే మిషను రాయల్పాడుకు తీసుకుపోతామన్నారు. అరవై దాటినదానికి ప్యాడ్లెందుకని ఊరు నవ్వింది. ఒకప్పుడు గుడ్డలు ఉతికి, ఎవరి కంటా పడకుండా పశువుల కొట్టంలో ఆరేసుకున్న అవ్వకు ఆ నవ్వు లెక్కలోకి రాలేదు.

కానీ ఎవరూ కొనలేదు. అవ్వ గది ముందునుంచే నడిచిపోయి అంగట్లో టీవీలో వచ్చేదాన్ని అడిగి తెచ్చుకునేవాళ్లు. చివరికి శ్రీనివాసపురంలో డిగ్రీ చదివే మనవరాలు అర్పిత పెట్టెలోనూ ఆ ప్యాకెట్టే దొరికింది. అవ్వ వెతకలేదట, చెయ్యి తగిలిందట. అర్పిత దాచలేదు. టీవీలో తెల్ల ప్యాంటు వేసుకున్న పిల్ల గోడలు దూకుతుంది, అవ్వ ప్యాకెట్టు మీద తామర పువ్వేమో క్యాబేజీలాగా ఉంది, తేడా అదేనంది.

ఆ సాయంత్రం అవ్వ కళ్లద్దాలు పెట్టుకుని ఆ ప్రకటన మూడుసార్లు చూసింది. అందులో ప్యాడు మీద నీలినీళ్లు పోసి చూపిస్తున్నారు.

"ఆ నీలినీళ్లు ఏ ఆడదానికి వస్తాయే? యాడ చూసినావు నువ్వు?"

అర్పిత నవ్వేసింది.

ఆదివారం అవ్వ ఊరి ఆడపిల్లలను గదికి పిలిచింది. బీట్‌రూట్ ఉడికించిన నీళ్లలో రాగిగంజి కలిపి చిక్కగా చేసింది. బచ్చప్ప దగ్గర పాల కొలత గ్లాసు అడిగి తెచ్చింది. ఎందుకని అడిగిన బచ్చప్పకు ఉన్నదున్నట్టు చెప్పింది. ఆ తర్వాత అతను ఆ గ్లాసు తిరిగి అడగలేదు.

రెండు ప్యాడ్ల మీదా ఒకే కొలత పోసి అరచేత్తో అదిమింది. టీవీది కారకుండా ఆగింది. అవ్వది పక్కనుంచి కారింది.

గంజి బాగా కుదరలేదని అవ్వ ఏదో సాకు చెబుతుందని అర్పిత కాచుకుని ఉంది. అవ్వ గ్లాసు కింద పెట్టింది.

"ఈసారి నా పాలల్లోనే నీళ్లుండాయి. ఉగాదికి ఇంగా పదిహేను దినాలుండాయి. మళ్లీ రండమ్మా."

ఆ టీవీ ప్యాడును చేటలో పెట్టి పొర పొరా విప్పింది. అంచు ఎలా మడిచారో చూసింది. దూదిని ఇంకా గట్టిగా అదిమింది. రోజూ గంజి, రోజూ కొలత. చెడిపోయిన దూదినంతా కడిగి ఆరబెట్టి దిండులో కూరింది. ఆ దిండు అర్పితకే దక్కింది.

పండగ ఇంకా రెండు రోజులుందనగా అవ్వ ప్యాడూ కారకుండా ఆగింది.

"గ్లాసు బస్సెక్కి కాలేజీకి పోదు గదవ్వా," అంది అర్పిత.

పెట్టుకుని తిరిగి చూసే ఆ పరీక్ష అవ్వ చేతిలో లేదు. ఆ రోజులు దాటి పదిహేనేళ్లయింది. మరునాడు పొద్దున అర్పితకు నెలసరి వచ్చింది. తానే చెయ్యి చాచి అవ్వ ప్యాడ్లు తీసుకుంది. సంచిలో టీవీదీ ఒకటి పెట్టుకోవడం అవ్వ చూసింది, చూడనట్టు ఊరుకుంది.

సాయంత్రం అవ్వ బస్సు ఆగేచోట ఎవరికోసమో వచ్చినట్టు నిలబడింది. అర్పిత దిగి, పక్కనే నడుస్తూ, ఇల్లు చేరేదాకా కావాలనే కాలేజీ కబుర్లు చెప్పింది.

"కారలేదవ్వా. అంచు మాత్రం గీరుకుంటాది. అది సరిచేస్తే మా క్లాసులో పదకొండుమందికి చెప్తా."

అవ్వ గడప దాటలేదు. నడుముకున్న తాళంచెవి తడుముకుని వెనక్కి తిరిగి మిషను గదికి నడిచింది. కాఫీ తాగి పొమ్మని మనవరాలు పిలిచినా వినలేదు.

పండగ మరునాడు సంఘంవాళ్లు మిషను కోసం వచ్చారు. అర్పిత క్లాసువాళ్లు అడిగిన పదకొండు ప్యాకెట్లు కట్టేదాకా దాన్ని ఆపేది లేదని అవ్వ వాళ్లను గుమ్మం బయటే కూర్చోబెట్టింది. లోపల అర్పిత కవర్ల మీద క్యాబేజీలు దిద్దుతోంది.