గాబ్రియేలు సార్‌కు దొరికిన గుడ్డపీలిక

మా గాబ్రియేలు సార్ ఎవరినీ నమ్మడు. ఇది నేను కోపంతో అంటున్న మాట కాదు, ఆయన ముందే అన్నా ఒప్పుకుంటాడు. పాలవాడు పాలు పోస్తుంటే చెంబులో వేలు ముంచి చూస్తాడు. ఇంట్లో భార్య కూర వడ్డిస్తే "ఈరోజు దీంట్లో ఏం కలిపినావు?" అని అడుగుతాడట. ఆమె తక్కువదేం కాదు, "విషం" అని చెప్పి గిన్నె అక్కడే పెట్టి వెళ్ళిపోతుందట. మొన్న డిసెంబరులో బడి ఆవరణలో క్రిస్మస్‌కు పశువులపాక కడుతుంటే, ఆ గడ్డి ఎవరి వాములోంచి వచ్చిందో చెప్పేదాకా పిల్లలను కదలనివ్వలేదు. తమ వాములోదేనని వాళ్ళు చెప్పారు. అయినా సాయంత్రం వెళ్ళి ఆ వాము చూసి వచ్చాడు.

నా పేరు సాజియా. కర్నూలు నుంచి వచ్చి ఈ బడిలో లెక్కలు చెబుతున్నాను. జమ్మలమడుగు దాటాక, నల్లరేగడి చేల మధ్య కన్యాస్త్రీలు నడిపే హైస్కూలు ఇది. చుట్టుపక్కల పల్లెల్లో సిస్టర్ల బడి అంటారు. గాబ్రియేలు సార్ మాకు డ్రిల్లు మాస్టరు. రాజంపేట వైపు ఒక పల్లెలో ఉపదేశి కొడుకు. చర్చిలో పూజకు గురువులు రాని ఆదివారాల్లో ఊరివాళ్ళ చేత జపం చేయించే పని వాళ్ళ నాన్నది. సార్ చిన్నప్పుడే బోర్డింగులో చేరి, అక్కడి గంటలకు లేచి, గంటలకు తిని పెరిగాడు. మా బడికి బదిలీ మీద వచ్చి కొద్ది కాలమే అయింది. మనిషి పొడుగు, బక్కపలచన, మెడలో ఎప్పుడూ విజిలు. పిల్లలు పడి మోకాలు చెక్కుకుపోతే అందరికంటే ముందు పరిగెత్తేది ఆయనే. మందు రాస్తూ మాత్రం "నిజంగా పడినావా, డ్రిల్లు తప్పించుకోనీకి పడినావా?" అని అడుగుతాడు. ఆ మాటకు నాకు ఒళ్ళు మండిపోతుంది. కానీ రాసే చెయ్యి మెత్తగా ఉంటుంది, అదీ చూశాను.

పరీక్షలు వచ్చాయంటే ఇక ఆయన రాజ్యమే. హాలు బాధ్యత అంతా సిస్టర్ జ్ఞానమణి ఆయనకే అప్పగించింది. ఈమె మా హెడ్‌మిస్ట్రెస్. అర్ధ సంవత్సర పరీక్షలు సరిగ్గా చలికాలంలోనే పడతాయి. పొద్దున ఆ చేల మీద నుంచి వచ్చే గాలికి పిల్లల పెదాలు పగిలి ఉంటాయి, వేళ్ళు కొంకర్లు పోయి పెన్ను నిలవదు. ఈయనగారు మాత్రం స్వెటర్లు, మఫ్లర్లు అన్నీ వరండాలో విప్పించి మేకులకు తగిలించిన తర్వాతే లోపలికి పంపుతాడు. చేతుల మడతల్లో చీటీలు ఉంటాయట. అట్టలు తిప్పి చూస్తాడు, పెన్నుల మూతలు ఊడదీసి లోపలికి ఊదుతాడు. ఆవలిస్తే పేగులు లెక్కపెట్టే రకం.

అన్నిటికంటే నాకు గిట్టనిది ఇంకొకటి. మొదటి పరీక్ష రోజు వరండాలో అందరినీ నిలబెట్టి ఒక హెచ్చరిక చేస్తాడు. "కడుపునొప్పి, బాత్రూము అని ఎవరన్నా లేస్తే, వాళ్ళే దొంగలు. నేను శానా మందిని చూసినా." అంతే, ఇక ఏ పిల్లా కిక్కురుమనదు. సిస్టర్ కూడా ఈసారి గట్టిగానే చెప్పింది. కాపీ కొడుతూ దొరికితే టీసీ చేతికిచ్చి పంపిస్తామని, మార్చిలో పబ్లిక్ పరీక్ష మా బడి నుంచి రాయలేరని.

ఈ మాట అందరికంటే ఎక్కువగా తగిలింది మధులతకు. పదో తరగతి పిల్ల. అమ్మానాన్నలు బెంగళూరులో ఇళ్ళు కట్టే బేల్దారి పనికి పోయారు. ఈ పిల్ల ఊళ్ళో అవ్వ గిడ్డమ్మ దగ్గర ఉంటుంది. పది పాసైతే జమ్మలమడుగులో ఇంటర్, తప్పితే బెంగళూరులో తల్లి పక్కన ఇసుక తట్ట. వాళ్ళ నాన్న ఫోనులో ఈ మాట చెప్పి పెట్టేశాడని నాకు తానే చెప్పింది. ఏడవలేదు, నవ్వుతూ చెప్పింది. అది ఇంకా భరించలేకపోయాను.

ఆ పిల్ల మీద అనుమానం ఎప్పుడు మొదలైందో నాకు తెలుసు. తొమ్మిదిలో బొటాబొటి మార్కులు. పదిలోకి వచ్చాక నెలవారీ పరీక్షల్లో ఉన్నట్టుండి పైకి వచ్చింది. స్టాఫ్ రూములో గాబ్రియేలు సార్ నా బల్ల దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు.

"సాజియా మేడం, ఆ పాప పరీక్ష రాసేటప్పుడు దవడ కదులుతాండాది. చూసినారా?"

"పిల్లలు పెన్ను కొరుకుతారు సార్."

"పెన్ను చేతిలోనే ఉండాది. నోట్లో ఏమో ఉండాది."

నేను కొట్టిపారేశాను. కానీ ఆ తర్వాత నా స్లిప్ టెస్టులో చూస్తే నిజమే. తల వంచుకుని, చెయ్యి నోటి దాకా తీసుకెళ్ళి, ఏదో బుగ్గన పెట్టుకుంది. నాకూ అనుమానం తగిలింది. ఏమిటది? బబుల్‌గమ్ అయితే ఉమ్మేయాలి కదా, ఆ పిల్ల దాన్ని జాగ్రత్తగా తీసి మళ్ళీ జేబులో పెట్టుకుంది. అడిగితే "ఏం లేదు మేడం" అంది. ముఖం మాత్రం చెవుల దాకా ఎర్రబడింది.

సోషల్ పరీక్ష రోజు దొరికిపోయింది. ప్రార్థన గదిలో చిన్న తరగతుల వాళ్ళు క్రిస్మస్ పాటలు నేర్చుకుంటున్నారు, ఆ పాటలు హాల్లోకి వినిపిస్తున్నాయి. నేను ఇటు వరుసలో, ఆయన అటు వరుసలో. రెండు అంగల్లో వెళ్ళి మధులత ముందు నిలబడ్డాడు.

"నోరు తెరు."

ఆ పిల్ల పెదాలు బిగించింది.

"తెరుస్తావా, సిస్టర్‌ను పిలవాల్నా?"

హాలంతా పెన్నులు ఆగిపోయాయి. మధులత నోట్లోంచి ఒక గుడ్డపీలిక తీసింది. వేలెడంత ఉంటుంది, తడిసి, పసుపో గోధుమో తెలియని రంగులో ఉంది. గాబ్రియేలు సార్ దాన్ని కొసతో పట్టుకుని వెలుతురుకు ఎత్తి చూశాడు, వాసన చూశాడు. ముఖం వికారంగా పెట్టాడు.

"నమిలి సిరా పోగొట్టినావు. ఏం రాసుకున్యావు దీని మీద?"

"ఏం రాయలేదు సార్."

"మరి ఈ పులుపు వాసన ఏంది? సిరా పోనీకి ఏం మందు పూసినావు?"

ఆ పిల్ల చెప్పేదాకా సార్ ఆగలేదు. జవాబు పత్రం లాక్కున్నాడు. పీలికను ప్లాస్టిక్ కవర్లో వేసి ముడి వేశాడు, పోలీసులు సాక్ష్యం కట్టినట్టు. రేపు పెద్దవాళ్ళను పిలుచుకుని రమ్మని సిస్టర్ చెప్పింది. సాయంత్రానికి బడంతా ఒకటే గుసగుస. మార్కులు ఎలా పెరిగాయో ఇప్పుడు అందరికీ తెలిసిపోయినట్టే మాట్లాడారు. ఆ పిల్ల పక్కన కూర్చునేవాళ్ళు కూడా బెంచీలో జరిగి కూర్చున్నారు.

మర్నాడు పొద్దున గిడ్డమ్మ వచ్చింది, తల చుట్టూ కొంగు బిగించుకుని. ఆఫీసు గదిలో సిస్టర్, గాబ్రియేలు సార్, నేను. మూల గోడకు అతుక్కుని మధులత. సార్ కవరు బల్ల మీద పెట్టాడు. సిస్టర్ ముడి విప్పింది, ముక్కు దగ్గర పెట్టుకుంది. ఆ తర్వాత ఆమె చేసిన పనికి సార్ కుర్చీలోంచి లేచిపోయాడు. నాలుక కొసకు ఆనించుకుని చప్పరించింది.

"సిస్టర్! అది మందు!"

"శనగ పులుసు," అంది సిస్టర్. "మాది కోయిలకుంట్ల సార్. మా అమ్మ కూడా పెట్టేది."

రాజంపేట మనిషికీ కర్నూలు మనిషికీ అది తెలియదు. అప్పుడు సిస్టరే చెప్పింది. చలికాలంలో శనగచెట్ల ఆకులకు పుల్లటి చెమట పడుతుంది. తెల్లవారుజామున, మంచు పడి ఉన్నప్పుడు, తెల్లగుడ్డను చెట్ల మీద ఈడిస్తే ఆ పులుపంతా గుడ్డకు పడుతుంది. దాన్ని పిండి సీసాలో పోసుకుంటారు, లేదా గుడ్డనే ఎండబెట్టి దాచుకుంటారు. కడుపునొప్పి వస్తే పీలిక చించి చప్పరించడమే. ఇప్పుడు అందరూ మాత్రలు మింగుతున్నారు, ఈ సంగతి ముసలివాళ్ళకే గుర్తు.

గిడ్డమ్మ కొంగు సర్దుకుంది. "పరీచ్చలంటే బయంతో దీనికి కడుపులో మెలిపెడతాది అయ్యోరా," అంది సార్ వైపు తిరిగి. "నేనే చించిచ్చినా. ఇది పెట్టుకోని రాసినప్పటి నుంచే నాలుగు మార్కులు వస్తాండాయి."

"కడుపునొప్పి అని చెప్పచ్చు కదా పాపా?" అన్నాడు సార్ మధులతతో.

"చెప్తే దొంగ అంటారు కదా సార్."

గొంతులో కోపం లేదు. తెలిసిన జవాబు చెప్పినట్టు చెప్పింది. సోషల్ మళ్ళీ రాయించమని, గుడ్డ తెచ్చుకోవచ్చని సిస్టర్ తేల్చేసింది. అక్కడితో వదిలేయొచ్చు కదా! మా మహానుభావుడు గుమ్మం దాటుతూ వెనక్కి తిరిగి, "ఈసారికి సరే. ఇంకోసారి నోట్లో వేరే ఏదన్నా కనిపిస్తే ఊరుకునేది లేదు" అన్నాడు. ఆయన్ను అక్కడే నాలుగు దులిపేయాలనిపించింది. గిడ్డమ్మే దులిపింది. "అంత నమ్మకం లేకపోతే తెల్లారి మా చేనికాడికి రా అయ్యోరా. నీ కండ్లతోనే చూద్దువు."

ఆ రోజే నా లెక్కల పరీక్ష. అవ్వ కొత్త పీలిక ఇచ్చినా మధులత లోపలికి తేలేదు. కాసేపు బాగానే రాసింది, ఆ తర్వాత ఎడమచెయ్యి కడుపు మీదకు పోయింది. నుదురు బల్లకు ఆనించింది. ఆ చలిలో మెడ మీద చెమట. గాబ్రియేలు సార్ దగ్గరికి వెళ్ళాడు.

"కడుపునొప్పా?"

"లేదు సార్."

"గుడ్డ యాడ?"

"తేలేదు సార్. వద్దులే సార్."

బాత్రూముకు పొమ్మన్నాడు. పోనంది. సగం పేజీలు తెల్లగా ఇచ్చి పోయింది. ఆ పిల్లకు వచ్చిన లెక్కలే అవి, నేను పక్కన కూర్చోబెట్టుకుని చేయించినవి. ఇలాగే మార్చిలోనూ అయితే దానికి ఇసుక తట్టే గతి. ఆ తెల్ల పేజీలు తీసుకెళ్ళి ఆయన ముందు పడేశాను. "దొంగను పట్టుకున్నారు కదా సార్, ఇక సంతోషమేనా?" అన్నాను. ఆయన పేజీలు ఒక్కొక్కటే తిప్పాడు.

తెల్లవారి ఆయన చేనికి వెళ్ళాడు. గిడ్డమ్మ తర్వాత నాకు నవ్వుతూ చెప్పింది. పులుసుకు బూట్లు చెడిపోతాయి, గట్టు మీద ఇడిసి రమ్మంటే, ఎవరన్నా ఎత్తుకుపోతారని ఇడవలేదట. మోకాళ్ళ దాకా తడిసి, బూట్లు మరకలు పడి, గిడ్డమ్మ చీరపాత ఈడుస్తుంటే వెనకే నడిచాడట. కాసేపటికి జేబులోంచి తన తెల్ల చేతిరుమాలు తీసి, వంగి, చెట్ల మీద ఆయనే ఈడ్చుకుంటూ పోయాడట. రుమాలు పిండి, ఆ పులుసు నాలుక మీద వేసుకుని కళ్ళు గట్టిగా మూసుకున్నాడట. "మల్లా ఈడ్చినాడు మేడం. సాలు బారునా ఈడ్చినాడు" అంది.

ఆ పొద్దునే సైన్సు పరీక్షకు పిల్లలందరూ వరండాలో వరుస కట్టారు. నోళ్ళలోంచి ఆవిర్లు. గాబ్రియేలు సార్ ఆ రోజు ఎవరి అట్టా తిప్పలేదు. నేరుగా మధులత దగ్గరికి వచ్చి, మడత పెట్టిన రుమాలు చాపాడు. ఇంకా తడిగానే ఉంది.

"నేనే తెచ్చినా పాపా. మీ అవ్వ చేనులోదే. పెట్టుకో."

మధులత దాన్ని తీసుకుంది. మడత విప్పింది. ఇటు చూసింది, అటు తిప్పి చూసింది, వెలుతురుకు ఎత్తి పట్టుకుంది. అంచు కుట్టు వెంబడి వేలితో తడిమింది. మళ్ళీ మడత పెట్టి ఆయన చేతిలోనే పెట్టేసింది.

"వద్దు సార్. దీంట్లో ఏమన్నా ఉంటే మల్లా నా మీదకే వస్తాది."

"ఏమీ లేదు తల్లీ. నేను తెచ్చినా కదా."

"అందుకే సార్."

ఆయన చెయ్యి అలాగే గాల్లో ఉండిపోయింది. ఆ పిల్ల స్వెటరు విప్పి మేకుకు తగిలించింది. అట్ట తిప్పి చూపించింది, పెన్ను మూత తీసి చూపించింది, అరచేతులు చాపింది. ఎవరూ అడగలేదు. ఆ తర్వాత తల పైకెత్తి, ఆయన ముందు నోరు తెరిచింది.

"వద్దు. మూసుకో," అన్నాడు సార్, ముఖం పక్కకు తిప్పుకుని.

"చూడండి సార్. చూసినానని చెప్పండి. అప్పుడు లోపలికి పోతా."

ఒక చెయ్యి అప్పటికే కడుపు మీద ఉంది. చలికి దవడ వణుకుతోంది, అయినా మూయలేదు. వెనక వరుసంతా చూస్తోంది. అప్పటిదాకా ఎందరి అట్టలనో, పెన్నులనో వెతికిన మనిషి, వంగి, ఆ పిల్ల నోట్లోకి చూశాడు.

"చూసినా. ఏమీ లేదు," అన్నాడు.

"గట్టిగా చెప్పండి సార్. అందరూ వినాల."

ఆయన గట్టిగా చెప్పాడు. మధులత నోరు మూసుకుని లోపలికి వెళ్ళి తన బల్ల దగ్గర కూర్చుంది.