అరవై అడుగుల రోడ్డుకు వంకర పెట్టిన పడుగు

రాళ్ళచెరువు టౌనులో అరవై అడుగుల రోడ్డు బస్టాండు కాడ నుంచి గీత గీసినట్టు తిన్నగా వస్తాది. సాలెవీధి కాడికి వచ్చేసరికి మాత్రం అప్పులోడిని చూసినట్టు టక్కున పక్కకు తిరుక్కుంటాది. ఆ వంకరకు మూలం మగ్గం నేసే కుళ్ళాయప్ప అంటారు. పొద్దు పొడవకముందే సర్కారోళ్ళు నాటిన గూటాలు పెరికి, తనకు బాగున్న కాడ నాటుకున్నాడంట. ఇది నిజమని ఇంతవరకూ ఒక్కడూ తేల్చలేదు. చెప్పేవాళ్ళు ఆ పొద్దు నిద్ర లేచినోళ్ళు కాదు, లేచినోళ్ళు నోరు తెరిచే రకం కాదు. అయినా బత్తలపల్లెలో టీ తాగేవాడి నుంచి శింగనమల చెరువుకట్ట మీద గొర్లు మేపేవాడి దాకా ఈ కథ తెలియనోడు లేడు.

కుళ్ళాయప్పను చూస్తే అంత పని చేసినాడంటే నమ్మబుద్ధి కాదు. ఎప్పుడూ మగ్గం గుంతలో కాళ్ళు దించుకొని ఉంటాడు కాబట్టి ఊర్లో సగం మందికి ఆయప్ప నడుము పైభాగమే తెలుసు. ఒక పెండ్లిలో లేచి నిలబడితే, ఏమప్పా, నీకు కాళ్ళు కూడా ఉండాయా అని అడిగినారంట. ఇంక పిరికితనం సంగతి చెప్పే పనే లేదు. బస్సులో కండక్టరు విజిల్ ఊదితే తననే దిగమన్నాడని దిగిపోతాండె. కానిస్టేబులు పంచరైన సైకిలు తోసుకుంటా ఎదురొచ్చినా, ఈయప్ప చెప్పులు ఇడిసి చేతిలో పట్టుకుంటాండె.

అట్లాంటోడు తెల్లారుజామున మాత్రం జిల్లా కలెక్టరు. ఎందుకంటే సాలెవీధిలో పడుగు చాపేది ఆ యాలకే. చీరకు నిలువుగా వచ్చే పట్టుపోగులన్నీ వీధి ఆ కొస నుంచి ఈ కొసకు గూటాలకు కట్టి బిగదీస్తారు. తెగిన పోగు అతికి, చిక్కు తీసి, గాలీ ఎండా లేవకముందే చుట్టేసుకోవాల. అంతసేపూ వీధి మూత. పడుగును ఎవురూ దాటకూడదు, తాకకూడదు. ఎద్దులబండి ఆగాల, పెండ్లికొడుకు ఆగాల. ఒకసారి పీనుగను కూడా ఆపినాడంట కుళ్ళాయప్ప. మోసేవాళ్ళు గొణిగినారు గానీ పీనుగ ఏమీ అనలేదు. ఇంకొక కట్టుబాటు కూడా ఉండాది. ఒకని పడుగు అయిపోయినాక గూటం పెరకకూడదు. వెనకొచ్చేవాని కోసం ఎట్లుంటే అట్లనే ఇడిసిపెట్టి పోవాల.

ఎమర్జెన్సీ పోయిన రెండేండ్లకో మూడేండ్లకో రాళ్ళచెరువు మునిసిపాలిటీ అయింది. ఎందుకయిందో ఊరోళ్ళకే తెలీదు. పేరులో చెరువు ఉండాది గానీ అందులో నీళ్ళు చూసినోళ్ళంతా కాటికి పోయినారు. కొళాయి తిప్పితే ముందు గాలి వస్తాది, తర్వాత జెర్రి వస్తాది, నీళ్ళు వారానికొకసారి చుట్టపుచూపుగా వచ్చి పోతాయి. ఆ కరువులో చైర్మను శ్రీరంగప్ప బెంగుళూరు పోయి, ఆడ సర్కిళ్ళలో నీళ్ళు ఎగజిమ్మేది చూసి, మనకూ ఫౌంటెను కావాలన్నాడు. ఊరి బయట రాళ్ళగుట్టకు "పిల్లల పార్కు" అని బోర్డు కొట్టించినాడు. పిల్లలు పోలేదు గానీ మేకలు పోయి బోర్డు రంగు నాకేసినాయి. దాని తర్వాత మాస్టరు ప్లాను వచ్చింది. టౌను పెరుగుతాంది కాబట్టి అరవై అడుగుల రోడ్డు వేయాలంట. ఆ రోడ్డు మీద పోయేదానికి ఊర్లో ఉండేది ఒక జీపు, అది కూడా చైర్మనుదే.

ప్లాను గీసింది కోస్తా నుంచి వచ్చిన ఓవర్సీరు. మొదట గీసినప్పుడు గీత తిన్నగా పోయి శ్రీరంగప్ప శనక్కాయల మిల్లు గోడను కోసుకొని పోయిందంట. చైర్మను ఇంట్లో ఓలిగలు తిని, నెయ్యి చేతులు తుడుచుకొని మల్లా స్కేలు పెట్టేసరికి ఆ గీత ఎదురుపక్కకు జరిగి, నేరుగా కుళ్ళాయప్ప ఇంటి ముందర గది మీద పడింది. అందులోనూ సరిగ్గా మగ్గం గుంత మీదనే.

ఆ గుంత కుళ్ళాయప్ప నాయన తవ్వింది. అది పోతే ఆయప్పకు మిగిలేది వెనకింట్లో సంగటి కుండ, పెండ్లాం రామాంజినమ్మ. ఇద్దరిలో ఎవరూ చీర నేయలేరు. ఇంటి గోడ మీద ఎర్రరంగుతో అడ్డంగా రెండు గీతలు కొట్టిపోయినారు మునిసిపాలిటీ వాళ్ళు. కుళ్ళాయప్ప తలకు రుమాలు చుట్టుకొని, చెప్పులు చంకలో పెట్టుకొని చైర్మను కాడికి పోయినాడు. మగ్గం ఒక్కటి ఇడిసిపెట్టమని అడిగినాడు.

శ్రీరంగప్ప నవ్వినాడు. "ఊరు పెద్దదైతాందప్పా. నువ్వు రోంత చిన్నగైతే ఏమి పోతాది?"

గుట్ట మీద కాలనీలో జాగా ఇస్తామన్నాడు. కుళ్ళాయప్ప పోయి చూసి వచ్చినాడు. ఆడ మగ్గం గుంత తవ్వాలంటే మందు పెట్టి పేల్చాల. గాలి ఎట్లుంటాదంటే, ఆడ పడుగు చాపితే కదిరిలో పోయి ఏరుకోవాల. ఇంటికొచ్చి గుంతలో కూర్చొని రెండు దినాలు సంగటి ముట్టలేదు. రామాంజినమ్మకు ఓపిక చచ్చింది. "గుంతలో కూర్చొని ఏడిస్తే గుంత నిండుతాది గానీ ఇల్లు నిలబడదుయ్యా," అని, తను పోయి గోడ మీది ఎర్రగీతల పైన పసుపు పూసి, కుంకుమ బొట్లు పెట్టి వచ్చింది. దినామూ పూసింది. వారం తిరిగేసరికి అది మునిసిపాలిటీ గుర్తో, గంగమ్మ గుర్తో చెప్పలేనట్టు అయిపోయింది.

అంతలో ఓవర్సీరు ఇంకో ఘనకార్యం చేసినాడు. పడుగు కోసం వీధిలో తాతల కాలం నుంచి నాటుకున్న గూటాలన్నీ ఆక్రమణ అని పెరికించి బండిలో వేయించినాడు. వాటి తావులోనే రోడ్డుకు నడిమిగీత అని కొత్త గూటాలు నాటించి తాడు కట్టి పోయినాడు. ఆ తాడుకు ఈ పక్క ముప్పై అడుగులు, ఆ పక్క ముప్పై అడుగులు కొలిచి తవ్వమని కాంట్రాక్టరుకు చెప్పినాడు.

మరుసటి దినం తెల్లారుజామున కుళ్ళాయప్ప పడుగు ఎత్తుకొని వీధిలోకి వచ్చినాడు. ధర్మవరం సావుకారికి పెండ్లి చీరలు ఇయ్యాల్సిన గడువు. చూస్తే పాత గూటం ఒక్కటీ లేదు. వీధి నడుమ కొత్త తుమ్మ గూటాలు, తిన్నగా, గట్టిగా, సర్కారే దయతలిచి నాటించినట్టు నిలబడి ఉండాయి. ఇంకేమి కావాల? తాడు ఇప్పి చుట్టి గడప మీద పెట్టి, పడుగు కట్టినాడు.

కట్టినాక చూస్తే పడుగు తిప్పమ్మ టీ అంగడి పందిరి గుంజకు రాసుకుంటాంది. పట్టు రాసుకుంటే పోగు నలుగుతాది. ఏ సాలాయన అయినా ఏం చేస్తాడు? గూటం రోంత జరుపుతాడు. కుళ్ళాయప్ప జరిపినాడంట. ఒక గూటం జరిపితే పడుగు వంకరైతాది కాబట్టి పక్కది కూడా జరిపినాడు. దాని పక్కది ఊరికే ఉంటే బాగుండదు కదా. అన్నీ మిల్లు వైపుకే జరిగినాయి. ఆయప్ప పడుగు అయినాక పక్కింటి జయరాముడు తన పడుగు తెచ్చి, వానికి వీలుగా ఇంకా రోంత జరిపినాడు. తర్వాత వెంకటరాముడు. ఒక్కొక్కనిదీ రోంతే. అన్ని రోంతలూ కలిస్తే ఎద్దుల జత పట్టేంత అయింది. ఆఖరోడు కట్టుబాటు ప్రకారం గూటాలు పెరకకుండా, తాడు మల్లా బుద్ధిగా కట్టి పోయినాడు.

ఎండ ఎక్కినాక కాంట్రాక్టరు కూలోళ్ళతో దిగినాడు. రోడ్డు తెరిచేదానికి పెద్దపెద్దోళ్ళు వచ్చే దినం దగ్గరపడిందని ఆయప్పకు కాలు నిలవలేదు. తాడు చూసుకున్నాడు, ఆ పక్క ముప్పై, ఈ పక్క ముప్పై కొలిచినాడు. కుళ్ళాయప్ప గోడ మీద పసుపు చూసి, గంగమ్మకెందుకు కోపం తెప్పించాలని దండం పెట్టి దాటుకున్నాడు. మిల్లు గోడకు మాత్రం దండం పెట్టలేదు. పొద్దు గూకేసరికి గోడ పోయింది, గోడ వెనకాల మిల్లు పాయఖానా కూడా సగం పోయింది. లోపల కూర్చున్న గుమాస్తా టౌనుకంతా కనపడినాడంట. తర్వాత ఆ గుమాస్తా ఊరే మార్చుకున్నాడని చెప్పుకుంటారు.

బెంగుళూరులో ఫౌంటెనుకు లైట్లు బేరం చేస్తాన్న శ్రీరంగప్ప పరిగెత్తుకొని వచ్చినాడు. కుళ్ళాయప్పను మునిసిపాలిటీ ఆఫీసుకు పిలిపించినాడు. ఓవర్సీరు, కానిస్టేబులు పక్కనే నిలబడినారు. అవునంటే కేసు, మల్లా కొలత, గుంతకు మన్ను.

"గూటాలు ఎవరు జరిపినారప్పా?"

కుళ్ళాయప్ప చెప్పులు రెండూ గుండెకు అదుముకున్నాడు. "గూటాలా అయ్యా? సాలెవీధిలో గూటాలు యాడుండాయి? ఆక్రమణ అని మీరే పెరికించుకొని పోతిరి కదా."

కానిస్టేబులుకు దగ్గు వచ్చింది. శ్రీరంగప్ప విచారణ పెట్టించండన్నాడు. ఓవర్సీరు చైర్మనును కిటికీ కాడికి పిలుచుకొని పోయి మెల్లగా చెప్పినాడు. "విచారణంటే మొదటి ప్లాను కూడా అడుగుతారండీ. ఓలిగలు తినక ముందుది."

శ్రీరంగప్ప కుళ్ళాయప్పను ఇంటికి పంపేసినాడు. నాలుగు దినాలకు అనంతపురానికి కాగితం పోయింది. బండ్లు జోరుగా వచ్చి జనం మీదెక్కకుండా, శాస్త్రప్రకారం బాగా ఆలోచించి పెట్టిన మలుపు అని రాసినారు. ఊర్లో ఉన్న ఒక్క జీపు ఎవరి మీదెక్కుతాదో రాయలేదు. పెద్దోళ్ళు వచ్చి రిబ్బను కత్తిరించి, చైర్మను దూరదృష్టికి దండ వేసినారు. పక్క టౌన్ల నుంచి ఇంజనీర్లు జీపులేసుకొని వచ్చి మలుపును చూసి తలలూపి, రోంత వెనక్కి జరుపుకున్న తిప్పమ్మ అంగట్లో టీ తాగి పోయినారు. వంకరలోనే ఫౌంటెను కట్టినారు. ప్రారంభం నాడు ట్యాంకరుతో నీళ్ళు పోసి ఎగజిమ్మించినారు. ఆడోళ్ళు బిందెలు పెట్టి ఆ నీళ్ళన్నీ పట్టుకొని పోయినారు. మల్లా అది ఎగజిమ్మింది లేదు.

ఎనభైల్లోకి వచ్చినాక ఆ రోడ్డు మీద నిజంగానే బస్సులు పెరిగినాయి. ఇప్పుడు తెల్లారుజామున కుళ్ళాయప్ప పడుగు చాపితే ధర్మవరం బస్సు హారను కొట్టి కొట్టి, ఇంజను ఆపేసి, డ్రైవరు దిగి బీడీ ముట్టిస్తాడు. కండక్టరు "కుళ్ళాయప్ప వంకర, దిగేవాళ్ళు దిగండప్పా" అని అరుస్తాడు.

ఆ అరుపు విన్నప్పుడల్లా కుళ్ళాయప్పకు మంట. మొన్న తనకల్లు నుంచి వచ్చిన చుట్టం ఒకడు, ఆ గూటాల సంగతి నిజమేనా మామా అని నేరుగా అడిగేసినాడు. కుళ్ళాయప్ప గుంతలో నుంచి తల ఎత్తలేదు. సర్కారు గూటం ముట్టుకునే మొగోడు సాలెవీధిలో పుట్టలేదన్నాడు. ఆ పొద్దు తను ఊర్లోనే లేనన్నాడు. గోడ మీద ఎర్రగీతలే కొట్టలేదన్నాడు, మిల్లు గోడ వానకు కూలిందన్నాడు. ఏ వానకు అని లోపల నుంచి రామాంజినమ్మ అడిగింది. ఆయప్ప వినపడనట్టు ఇంకో పోగు అతికినాడు.

"మరి రోడ్డుకు ఆ వంకర ఎట్ల వచ్చింది మామా?"

"వంకరా? యాడుండాదప్పా వంకర? రోడ్డు తిన్నగానే ఉండాది," అన్నాడు కుళ్ళాయప్ప. "ఆ బస్టాండునే తీసుకపోయి పక్కన కట్టినారు."