తూటా మొన మీద బొట్టు

నేను రిటైరు కావడానికి మూడేళ్ల ముందు, వానలు వెనకబట్టిన అక్టోబరులో జరిగిన సంగతి ఇది. అప్పుడు నేను యాంగోన్‌లో, చౌక్తడాలోని ఒక వన్యప్రాణి కార్యాలయంలో హెడ్ ఆర్మరర్‌ని. ఆర్మరర్ పని తుపాకులు తుడిచి బాగుచేయడంతో అయిపోదు. ఏ జంతువుకు ఏ తూటా వాడాలో తేల్చి, సంతకం పెట్టి ఇవ్వాలి. అడవికి వెళ్లేవాడి ప్రాణం సగం నా బల్ల మీదే తేలిపోయేది.

పెద్ద జంతువుల కోసం మా దగ్గర త్రీ సెవెంటీఫైవ్ రైఫిల్ ఉండేది. దానికి రెండు రకాల తూటాలు. సాఫ్ట్ తూటాకు మొనన సీసం బూడిదరంగులో కనిపిస్తుంది. ఒంట్లో దిగగానే విచ్చుకుంటుంది. కణుజులాంటి పెద్ద దుప్పికి అదే సరి. సాలిడ్‌కు మొనదాకా రాగి తొడుగే. దాన్ని కణుజు మీద వాడితే ఇటునుంచి అటు దూసుకుపోతుంది, జంతువు గాయంతో పారిపోయి ఎక్కడో చస్తుంది. కానీ ఏనుగు పుర్రె దాటి మెదడును చేరేది సాలిడ్ ఒక్కటే. సాఫ్ట్ అయితే ఎముకలోనే చితికి ఆగిపోతుంది. ఆ తర్వాత ఏనుగు ఊరుకోదు. మా పెట్టెల్లో రెండు రకాలకూ బరువూ పొడవూ ఒకటే, తేడా అంతా మొనలోనే.

మా తాతలు యాంగోన్ రేవులో మూటలు మోయడానికి శ్రీకాకుళం వైపు నుంచి వచ్చినవాళ్లు. దసరాకు కొక్కేలకూ తాళ్లకూ పసుపు రాసి బొట్టు పెట్టేవారట. ఆ అలవాటు నాతో స్టోర్‌లోకి వచ్చింది. ఏటా రెండు పెట్టెల్లోంచీ ఐదేసి తూటాలు తీసి పళ్లెంలో పెట్టి, మొనలకు పసుపు ముద్ద అద్ది, కుంకుమ పెట్టేవాణ్ని. మా పై అధికారి దో ఖిన్ మ్యా బౌద్ధురాలు. గుమ్మం దగ్గర చెప్పులు విడిచి, కాసేపు నిలబడి చూసి వెళ్లేవారు.

ఆ ఏడు పండగైన నాలుగో రోజున ఉత్తర్వు వచ్చింది. నగరానికి ఉత్తరాన అడవి అంచున ఒంటరి ఏనుగు ఇద్దరిని తొక్కి చంపింది, దాన్ని కాల్చెయ్యాలి. వెళ్లవలసిన షికారి అప్పన్న. ఆఫీసులో అతని పేరు కో త్వన్. నా చెల్లెలు నూకాలు మొగుడు. మంచిదని, సాలిడ్ పెట్టెలోంచి పూజలో పెట్టిన ఐదు తూటాలూ ఏరి ఇచ్చాను.

"మొన కాడ పసుపు తుడిసీమంటావేటి బావా?" అన్నాడు.

"ఉండనీ బావా, అమ్మోరి బొట్టు," అన్నాను.

మర్నాడు తెల్లవారగానే జీపు బయల్దేరింది. పది గంటలకు నేను సాఫ్ట్ పెట్టె సర్దుతుంటే బొటనవేలు ఒక మొనకు తగిలి పసుపు రాలింది. కింద రాగి కనిపించింది. పక్కదాన్ని తుడిచాను. అదీ రాగే. పసుపున్న మిగతా మూడూ సీసం. పూజయ్యాక మొనలన్నీ ఒకేలా పచ్చగా ఉంటే చూసుకోకుండా సర్దేశాను. రెండు సాలిడ్లు ఇటు వచ్చాయంటే, రెండు సాఫ్ట్‌లు అప్పన్నతో వెళ్లాయి. ఏనుగు ముందు ఏది మొదట పేలుతుందో ఎవరికి తెలుసు? కొరివితో తల గోక్కోవడమంటే ఇదే. కాకపోతే తల నాది కాదు, నా చెల్లెలి మొగుడిది.

అప్పన్న ఫోను కలవలేదు. దో ఖిన్ మ్యా దగ్గరికి వెళ్లి ఉన్నదున్నట్టు చెప్పేశాను. ఇచ్చిన తూటాలు మార్చాలంటే మరో ఉత్తర్వు కావాలి. ఆవిడ అక్కడికక్కడే రాసి, కారు తాళాలు డ్రైవరు చేతికిచ్చారు.

నగరం దాటేసరికే గంటన్నర పట్టింది. మధ్యలో నూకాలు ఫోను చేసింది. "అన్నయ్యా, ఈయన ఫోను కలవట్లేదు. ఏటైనా తెలిసిందేటి?" అడవిలో సిగ్నలు ఉండదులే అన్నాను. ఐదు సాలిడ్లు ఒళ్లో పెట్టుకుని అబద్ధం కాని మాటే చెప్పాను.

రెండు గంటలకు శిబిరం చేరితే, ఇందాకే రెండు దెబ్బలు వినిపించాయని, ఆ తర్వాత ఏ చప్పుడూ లేదని ఊరివాళ్లు చెప్పారు. అప్పన్న వచ్చిన జీపు బానెట్ పట్టుకుని నిలబడ్డాను. అరగంటకు అప్పన్న రైఫిల్ భుజాన వేసుకుని నడిచి వచ్చాడు. ఏనుగు పడిపోయింది. నన్ను చూసి ఆశ్చర్యపోయాడు. చొక్కా జేబులోంచి రెండు తూటాలు తీసి నా చేతిలో పెట్టాడు. రెండిటికీ మొన శుభ్రంగా తుడిచి ఉంది. సీసం కనిపిస్తోంది.

తుపాకీలో తూటా కూర్చునే అరలోకి పసుపు పొడి పోతుందని దారిలోనే తుడిచాడట.

"మరి వెనక్కి రాలేదేం?"

"వొస్తే ఎందుకొచ్చేనో కాయితం రాయాలి గదా. రాస్తే నీ ఉజ్జోగం పోద్ది. మూడు సాల్తాయిలే అనుకున్నాను."

నేను పొద్దునే చెప్పేశానని అన్నాను. అతను నేల మీద కూలబడ్డాడు. నాకు అతని మీద కోపం వచ్చింది, సిగ్గూ వేసింది.

ఆ తర్వాత స్టోర్‌లో బొట్టు బీరువా తలుపుకే పెట్టాను. తూటా ఇచ్చేవాడూ పుచ్చుకునేవాడూ మొనను వేలితో తడిమి చూశాకే సంతకం. ఇది ఏ ఆర్మరరైనా నేర్చుకునేదే. నేను నేర్చుకున్నది వేరే ఉంది. ఏనుగుకన్నా కాగితానికి ఎక్కువ భయపడేలా మా పద్ధతి ఉంది. అందుకని, తూటా మార్చి ఇమ్మని అడిగేవాడు కారణం రాయనక్కర్లేదన్న నియమం దో ఖిన్ మ్యాతో పెట్టించాను. నేను రిటైరయ్యేలోపు దాన్ని వాడుకున్నది ఇద్దరే. రెండోవాడు అప్పన్న. ఎందుకని నేను అడగలేదు.