ఉమాకాంత్ గారి రెండు పక్కల తెర

"పాపకి వినపడ్తలేదేమో అంకుల్."

తలుపు తీసిన ఉమాకాంత్ గారు ముందు పాపను చూశారు. ఏడాది దాటిన సంయుక్త తల్లి చంకలో కూర్చుని, ఆయన బనియను చిల్లును శ్రద్ధగా పరిశీలిస్తోంది.

తల్లి మాధురి ఆ ఇంట్లోనే పై వాటాలో కిరాయికి ఉంటుంది. మైక్రోబయాలజీలో ఎమ్మెస్సీ చేసింది కాబట్టి మిగతా తల్లులకు కనిపించని ప్రమాదాలు కూడా ఆమెకు కనిపిస్తాయి. పోయిన నెల పాప మెడ ఒక పక్కకే తిప్పుతోందని హడలిపోయింది; ఆ పక్కన టీవీ ఉందని తర్వాత తెలిసింది. ఈ నెల చెవులు. పేరు పెట్టి పిలిస్తే పాప పలకడం లేదు. చెవుల డాక్టరు కోసం నారాయణగూడలోని ఒక క్లినిక్‌కి రాస్తే, ఒక ఖాళీ స్లాటు ఉందనీ, సాయంత్రంలోగా వస్తామని మెయిల్ పెట్టకపోతే ఇంకొకరికి ఇచ్చేస్తామనీ జవాబు వచ్చింది. ఆమె ఆ మెయిల్ చదివీ చదవగానే పాప ఫోన్‌ను నీళ్ల బకెట్లో వేసింది. భర్త ల్యాప్‌టాప్ భర్తతో పాటే ఆఫీసుకు పోయింది. ఇక మిగిలింది ఉమాకాంత్ గారి కంప్యూటరే.

ఆ కంప్యూటరంటే అశోక్ నగర్‌లోని ఆ గల్లీ మొత్తానికీ అనుమానం. నల్లటి తెర, ఆకుపచ్చ అక్షరాలు, మౌస్ లేదు. పక్క హాస్టల్లో గ్రూప్స్‌కు చదివే పిల్లలు ఆయన్ను హ్యాకరని నమ్ముతారు, లుంగీ మారువేషమని కూడా. నిజానికి ఆయన ఒక ప్రభుత్వాఫీసు కంప్యూటర్ సెక్షన్లో పనిచేసి రిటైరయ్యారు. మెయిల్ చూడటానికి ఆయనది ఇప్పటికీ మీటలు నొక్కి ఆజ్ఞలిచ్చే పద్ధతే. తెరను నిలువునా రెండు చేసుకున్నారు: ఎడమ పక్క వచ్చిన మెయిళ్ల వరస, కుడి పక్క తెరిచిన మెయిల్. అందరిలా రంగులూ బొమ్మలూ ఉన్నది వాడొచ్చు కదా అంటే, ఉత్తరం చదువుకోవడానికి జాతర ఎందుకంటారు. పొద్దున్నే చిక్కడపల్లి మార్కెట్ నుంచి కూరలు తెచ్చి పడేసి, ఆ తెర ముందు కూర్చుని గల్లీలో పొంగే మురుగు మోరీ గురించి మున్సిపాలిటీకి రాస్తారు. మోరీ అలాగే ఉంది. ఆయనా అలాగే రాస్తున్నారు.

ఆయన భార్య దమయంతి పాప చేతిలో బిస్కెట్ పెట్టి, "మా సంసారం గూడ గట్లనే బిడ్డా. నేనో పక్క, ఆయనో పక్క. నడుమ గీత" అంది.

"గీత లేకుంటె నీ ముచ్చట్లన్ని నా పక్కకే వస్తయి" అన్నారాయన, తెర మీంచి చూపు తిప్పకుండా.

మాధురి మెయిల్ ఖాతాను ఆయన తన కంప్యూటర్‌లో తెరిచారు. ఎడమ పక్కంతా డైపర్ల మీద తగ్గింపు ధరలతో నిండిపోయింది. వాటిపైన క్లినిక్ మెయిల్. జవాబుకు ఏ మీటో, ఈ పక్క నుంచి ఆ పక్కకు దూకడానికి ఏ మీటో చెప్పారు. మాధురి సగం విని తల ఊపింది. కుడి పక్క జవాబు రాసే చోటు తెరుచుకుంది. సరిగ్గా అప్పుడు ఒళ్లో ఉన్న పాప మీటల మీద ఒక్కటి చరిచింది. దమయంతి పాపను ఎత్తుకుపోయి గడప దగ్గర కూర్చోబెట్టింది. ఆ దెబ్బకు కర్సర్ ఎడమ పక్కకు దూకిందని ఎవరూ చూడలేదు.

మాధురి రెండు వేళ్లతో, మీటల మీదికి వంగి టైపు చేస్తుంది. డియర్ డాక్టర్ అని మొదలుపెట్టి, పాప పుట్టినప్పటి బరువు, ఏడో నెల జ్వరం, మేనత్త చెవుడు, అన్నీ ఇంగ్లీషులో వివరంగా రాసింది. తల ఎత్తేసరికి కుడి పక్క ఖాళీ. ఎడమ పక్క మెయిళ్ల ముందు డి, డి, డి. ఆ పక్కన ఏ అక్షరం కొట్టినా అది ఆజ్ఞే. ఆమె రాసిన ఉత్తరంలోని ప్రతి డి ఒక మెయిల్‌ను తీసెయ్యమన్న ఆజ్ఞ అయింది. డియర్‌లోని డి క్లినిక్ మెయిల్ మీదే పడింది.

"అంకుల్, స్లాటు పోయింది" అంటూ ఆమె కంప్యూటర్ ఆపేద్దామని ప్లగ్గు మీదికి చెయ్యి చాపింది.

ఉమాకాంత్ గారు చెయ్యి అడ్డం పెట్టారు. "జర ఆగు. తీసెయ్యాలని గుర్తు పడ్డది, గంతే. మెయిల్ యాడికి పోలె. మూసేటప్పుడు ఇది అడుగుతది, నిజంగ తీసెయ్యాల్నా అని. వద్దంటె ఊకుంటది."

గుర్తులన్నీ చెరిపేసి ఆయన పాప వైపు చూశారు. "మరి ఇంతసేపు ఈ కంప్యూటర్ కూత పెడ్తుంటె నీకు వినపడలేదా?" అని మాధురిని అడిగారు.

"ఏ కూత?"

పనికిరాని మీట ఒకటి ఆయన కావాలనే నొక్కారు. కంప్యూటర్ కుయ్యిమంది. గడప దగ్గర అటు తిరిగి కూర్చున్న పాప, నోట్లో బిస్కెట్‌తోనే ఇటు తిరిగి నవ్వింది. ఇంకోసారి నొక్కారు. ఇంకోసారి నవ్వింది.

"నేను పాపనే చూస్తున్న. నువ్వు తప్పు మీట కొట్టినప్పుడల్ల గిట్లనే ఇటు చూస్తున్నది. ఈ ఇంట్ల వినపడనిది నీ ఒక్కదానికే."

మాధురి కళ్లు తుడుచుకుని, "సంయూ" అని పిలిచింది. పాప కదల్లేదు.

"పొద్దుగూకులు పిలుస్తనే ఉంటివి, ఎన్నిసార్లని పలుకుతది?" అంది దమయంతి. "నేను పిలిస్తె ఈయన పలుకుతడా? చెవులు మంచిగనే ఉన్నయి."

అయినా మాధురి వస్తామని రెండు ముక్కల జవాబు పెట్టింది, ఈసారి కుడి పక్కనే. తర్వాత డాక్టరు చెప్పిందీ దమయంతి మాటే. కాకపోతే ఇంగ్లీషులో చెప్పాడు.

భయాలు పోలేదు. ఈ వారం పాప మునివేళ్ల మీద నడుస్తోందేమో అన్న భయం నడుస్తోంది. కొత్త ఫోన్‌లో ఆ లక్షణాన్ని టైపు కొట్టి వెతకబోయిన ప్రతిసారీ మాధురి ముందు తల ఎత్తి, ఎదురుగా ఉన్న పాపను చూస్తోంది. జవాబు పెట్టిన రోజు తాను మెట్లెక్కుతుంటే ఉమాకాంత్ గారు కింది నుంచి చెప్పిన మాట అది:

"కొట్టేటప్పుడు కిందికి చూడకు బిడ్డా. ముందు తల లేపి, ఏ పక్కనున్నవో చూస్కో."